పొయ్యిలో వేయదగిన కాగితము

ఇంటిలో పేరుకొను కాగితములలో ఏవి పొయ్యిలో వేయవచ్చును, ఏవి వేయరాదు అనునది ఈనాటి ప్రసంగ విషయము. వినుటకు ఇది చిన్న సంగతిగనే తోచును. కాగితము కాలును, కాలినది బూడిద యగును, అంతటితో సరి అని అనుకొనుట సహజము. కాని నేడు మనము కాగితమని పిలుచుచున్న వస్తువులలో పెక్కు పేరునకు మాత్రమే కాగితములు. వాటిపై ప్లాస్టిక్ పొరయో, లోహపు రేకో, రసాయనపు పూతయో అంటియుండును. వాటిని కాల్చినపుడు వచ్చు పొగ మొదట పొయ్యి యెదుట కూర్చున్న ఇల్లాలి ఊపిరితిత్తులలో ప్రవేశించును. మిగిలిన బూడిద అంట్ల గిన్నెలకును, పెరటి పాదులకును చేరును. పొయ్యిలో వేసినది మన ఇల్లు విడిచి పోవుట లేదు. రూపము మార్చుకొని మన యొద్దనే ఉండుచున్నది.

నర్సీపట్నమును, దాని చుట్టుపట్ల గ్రామములను తీసికొందము. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును, 2016లో కేంద్ర ప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ప్రారంభించిన పిదప గ్యాసు పొయ్యి పేద యిండ్లలో కూడ ప్రవేశించినది. అయినను పెరటిలోని కట్టెల పొయ్యి చల్లారిపోలేదు. స్నానమునకు నీళ్ళు కాచుటకు, పశువులకు దాణా ఉడికించుటకు, పండుగనాడు పెద్ద గిన్నెలతో వంట చేయుటకు కట్టెల పొయ్యియే ఆధారము. కొన్ని యిండ్లలో నడుమ గొట్టముగల రాగి బాయిలరు ఉండును. సరుగుడు పుల్లలు, జీడిమామిడి కొమ్మలు, కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు ఇచ్చటి వంటచెరకు. పూర్వము నిప్పు రాజవేయుటకు ఎండు తాటాకో, కొబ్బరి పీచో చేతికందెడిది. ఇప్పుడు మొదట చేతికందునది కాగితము. అది లేనిచో ప్లాస్టిక్ సంచి ముక్క. చిక్కంతయు ఇచ్చటనే ప్రారంభమగుచున్నది.

కాగితము పుట్టుక కట్టెనుండియే. కట్టెలోని పీచును వేరుచేసి, గుజ్జుగా నలిపి, పలుచగా పరచి ఆరబెట్టినచో కాగితమగును. కనుక ఏ పూతయు లేని కాగితమును కాల్చుట, పలుచని కట్టెను కాల్చుట వంటిదే. గాలి చక్కగా ఆడిన యెడల అది మంటగా కాలి, ప్రధానముగా బొగ్గుపులుసు గాలియు, నీటి ఆవిరియు అగును. గాలి చాలనిచో పొగయు, మసియు, ప్రాణాంతకమగు కార్బన్ మోనాక్సైడు వాయువును పుట్టును. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రమాదమని పెద్దలు చెప్పుట ఇందువలననే.

మొదట పొయ్యిలో వేయదగిన వాటిని చెప్పెదను. మామూలు వార్తాపత్రిక, పిల్లల నోటుపుస్తకములోని గీతల కాగితము, తెల్ల కాగితము, పూత లేని గోధుమరంగు సంచి, రంగుల ముద్రణ లేని అట్టపెట్టె ముక్కలు, కోడిగ్రుడ్లు అమర్చు గుజ్జు అట్టలు, ఇవన్నియు నిప్పు రాజవేయుటకు పనికివచ్చును. వార్తాపత్రికలోని నల్లసిరా ముఖ్యముగా నూనెలో కలిపిన కర్బనపు పొడి. కాటుకకు దగ్గరి చుట్టము. పూర్వము కొన్ని రంగు సిరాలలో సీసము, క్రోమియము గల వర్ణకములు వాడెడివారు. కనుక అటక మీద దశాబ్దములుగా పడియున్న రంగుల పత్రికలను, పటములను పొయ్యిలో వేయకుండుటయే మేలు. అట్టపెట్టెను కాల్చునపుడు దానికి అంటించిన మెరుగు టేపును ముందుగా ఒలిచివేయవలెను. నోటుపుస్తకమునకు ఉన్న ప్లాస్టిక్ అట్టను, ఇనుప పిన్నులను తీసివేయవలెను. పిన్ను కాలదు, బూడిదలో మిగిలి చేతికి గ్రుచ్చుకొనును.

ఇచ్చట ఒక హెచ్చరిక. వార్తాపత్రిక పొయ్యికి మంచిదైనంత మాత్రమున తినుబండారములకు మంచిది కాదు. వేడివేడి బజ్జీల నూనెలో ఆ సిరా కరగి తిండితో పాటు కడుపులోనికి పోవును. 2018 నాటి ప్యాకింగు నిబంధనలు ఆహారమును వార్తాపత్రికలలో చుట్టుటను నిషేధించినవి. 2023 సెప్టెంబరులో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ ఈ సంగతినే వర్తకులకు, వినియోగదారులకు మరల గుర్తుచేసినది. పొట్లము కట్టుటకు తగని కాగితము పొయ్యి రాజవేయుటకు తగును. ఒక పనికి మంచిదైనది వేరొక పనికి మంచిది కావలెనను నియమము లేదు.

మంచి కాగితమును కూడ కాల్చు పద్ధతి యుండును. ఒకటి రెండు పుటలను చించి, వదులుగా మెలిపెట్టి, సన్నని పుల్లల క్రింద ఉంచి అంటించవలెను. పుల్లలు అంటుకొనిన పిదప కాగితముతో పని లేదు. పరీక్షలు ముగిసిన పిమ్మట పాత నోటుపుస్తకములను కట్టకట్టలుగా పొయ్యిలో త్రోయుట కొన్ని యిండ్లలో వాడుక. మూసిన పుస్తకము పుటల నడుమ గాలి చొరదు. అంచులు మాత్రము కమిలి, లోపల గంటల తరబడి రగులుచు దట్టమైన పొగ నిచ్చును. విడికాగితములను ఒక్కసారిగా గంపెడు వేసినచో మంట భగ్గున లేచి, కాలుచున్న రేకులు గాలిలోనికి ఎగురును. బాయిలరు గొట్టములో గాలి లాగు శక్తి ఎక్కువ కనుక ఈ ప్రమాదము అచ్చట మరింత హెచ్చు. ప్రక్కనే తాటాకు పాకయో, గడ్డివామో ఉన్నచో ఒక్క రేకు చాలును. నిప్పు అంటుకొనుట లేదని కిరసనాయిలు చల్లుట ఇంతకంటె ప్రమాదకరము.

ఇక వేయదగని వాటిని చూతము. మొదటిది వారపత్రికల మెరుగు కాగితము, గోడ క్యాలెండరు, దుకాణముల రంగుల ప్రకటనలు. ఆ నునుపు, ఆ మెరుపు సాధారణముగా తెల్లమట్టి, సున్నపురాతి పొడి వంటి ఖనిజముల పూతవలన కలుగును. అట్టి కాగితపు బరువులో నాలుగవ వంతు, అంతకు మించి కూడ, ఈ ఖనిజములే యుండవచ్చును. మట్టి కాలదు గదా! అందువలన ఆ కాగితము సరిగా మండదు. పొగ యెక్కువ, వేడి తక్కువ, బూడిద మిక్కిలి. ఇది విషమని భయపడ నక్కరలేదు గాని పొయ్యికి దీనివలన లాభము లేదు. అమ్ముకొనుట మంచిది.

రెండవది ప్లాస్టిక్ పొరగల కాగితము. టీ దుకాణములలోని కాగితపు కప్పు నీటికి మెత్తబడకుండుటకు లోపల పాలిథీను పొర యుండును. పండ్లరసముల పెట్టెలో కాగితము, పాలిథీను, అల్యూమినియము రేకు మూడును కలిసి యుండును. ఇప్పటి విందులలో వడ్డించు వెండిరంగు కాగితపు విస్తరి మీదను ఇట్టి పొరయే కలదు. మన్యపు అడవులలో గిరిజనులు సేకరించు అడ్డాకులతో కుట్టిన విస్తరి ఈ ప్రాంతమునకు కొత్తది కాదు. తిని పారవేసిన అడ్డాకు విస్తరి పెంటకుప్పలో ఎరువగును, ఎండినచో పొయ్యిలో మండును. దాని స్థానము నాక్రమించిన మెరుగు విస్తరి కుళ్ళదు, కాల్చిన చెడుపొగ నిచ్చును. భోజనమునకు విస్తరి ఎన్నుకొనునపుడే తరువాత దాని గతి యేమి అని ఆలోచించుట తెలివి.

మూడవది తళుకు కాగితము. బహుమానములు చుట్టు జరీ కాగితము, బంగారు అక్షరముల శుభలేఖ, మిఠాయి పెట్టె మీది మెరుపు, అగరువత్తుల పెట్టె లోపలి తళుకు సంచి, వీటిలో లోహపు పూతయు, ప్లాస్టిక్ పొరయు ఉండును. శుభలేఖను కాల్చుటకు మన యిండ్లలో ఎట్లును మనసొప్పదు. ఆ సంకోచము ఈ విషయమున మనకు మేలే చేయుచున్నది. పేలని టపాకాయల కాగితమును ఎన్నడును పొయ్యిలో వేయరాదు. అందులో మిగిలిన మందు అంటుకొని ముఖము మీదికి చిమ్మవచ్చును.

నాలుగవది చాలమందికి తెలియనిది. బస్సులో యంత్రము కొట్టియిచ్చు టిక్కెట్టు, దుకాణపు బిల్లు, ఏటీఎం చీటీ, మీటరు చూచి అప్పటికప్పుడు ఇచ్చు కరెంటు బిల్లు తరచుగా ఒక విధమైన నున్నని కాగితముపై వచ్చుచున్నవి. ఆ యంత్రములో సిరా లేదు. కాగితము మీది రసాయనపు పూత వేడి తగిలినచోట నల్లబడును, అదియే అక్షరము. ఆ పూతలో బిస్‌ఫినాల్ జాతి రసాయనములు వాడుదురు. శరీరములోని గ్రంథుల పనిని ఇవి కలత పెట్టునని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఇట్టి చీటీలను కాల్చరాదు. పసిపిల్లల చేతికి ఆటకు ఈయరాదు. పాత కాగితముల వానికి అమ్మునపుడు కూడ తక్కిన వాటితో కలుపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది నిప్పు రాజవేయుటకు ప్లాస్టిక్ వాడుట. పాలసంచి, కిరాణా సంచి, పాత చెప్పు, సైకిలు ట్యూబు ముక్క చటుక్కున అంటుకొనును, తడికట్టెను కూడ మండించును. అందువలన పొద్దున్నే తొందరలో నున్న ఇల్లాలికి అవి సులభముగా కనబడుట వింత కాదు. కాని వాటి నల్లని పొగలో బెంజీను మొదలగు విషపదార్థములు, అతి సూక్ష్మమైన మసి కణములు ఉండును. వైరు తొడుగు, గొట్టము, ప్రకటనల ఫ్లెక్సీ మున్నగునవి పీవీసీ అను ప్లాస్టిక్‌తో చేయబడును. దాని బరువులో సగమునకు పైగా క్లోరినే. అది కాలినపుడు కండ్లను, గొంతును మండించు ఉప్పుద్రావకపు ఆవిరియు, డయాక్సినులను దీర్ఘకాలపు విషములును పుట్టును. నగరములలో చెత్తను కాల్చుటకు కట్టు పెద్ద కొలుములలో 850 డిగ్రీలకు తగ్గని వేడిని నిలిపి, పొగను వడగట్టి గాని బయటికి వదలరు. మన పెరటి పొయ్యిలో ఆ వేడియు నిలువదు, ఆ వడపోతయు లేదు. 2001లో స్టాక్‌హోమ్ నగరమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక ఇట్టి విషములు పుట్టు చోట్లలో ఆరుబయట చెత్తకాల్పును, ఇండ్లలోని పొయ్యిలను కూడ పేర్కొన్నది. భారతదేశము 2006లో ఆ ఒడంబడికను ఆమోదించినది.

శుభ్రమైన కట్టెల పొగయే మంచిది కాదని మనకు తెలియును. ఇండ్లలోని పొగ వలన 2020లో ప్రపంచమున 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగకు ప్లాస్టిక్ విషమును కూడ తోడుచేయుట ఏల? పొయ్యి యెదుట ఎక్కువ సేపు గడపునది స్త్రీ. ఆమె ఒడిలోనో, వీపు మీదనో ఉండునది బిడ్డ. చంటిబిడ్డ నీళ్ళకు కాచు పొయ్యిలో ఏమి మండుచున్నదో చూచుకొనుట, ఆ నీరు గోరువెచ్చగా నున్నదా అని చేయి పెట్టి చూచుకొనుటంత అవసరము.

పొగ సంగతి అట్లుంచి బూడిద సంగతి చూతము. కట్టె బూడిదలో పొటాషు లవణములు ఉండును. అందుచేతనే అది జిడ్డును వదలించును. మన పెద్దలు దానితో గిన్నెలు తోమిరి. పప్పుదినుసులకు పురుగు పట్టకుండ కలిపిరి. చిక్కుడు, బీర పాదులపై పేనుబంక చేరినపుడు చల్లిరి. నేటికిని పల్లెలలో ఈ వాడుక యున్నది. బూడిద యింత అక్కరకు వచ్చు వస్తువు కనుకనే పొయ్యిలో వేయుదాని విషయమున జాగ్రత్త కావలెను. సీసము వంటి లోహములు మంటలో నశించవు, బూడిదలో నిలుచును. డయాక్సినులును కొంత బూడిదను అంటియుండును. పెరటి కోళ్ళు ఆ బూడిదకుప్పలో కెలకి తిన్నచో వాటి కొవ్వులోను, గ్రుడ్లలోను ఆ విషము చేరును. రంగుల అట్టలు, తళుకులు, ప్లాస్టిక్ కాలిన పొయ్యి బూడిదను గిన్నెలకు గాని, పాదులకు గాని వాడరాదు.

ఇన్ని రకములను గుర్తుంచుకొనుట ఎట్లు అని శ్రోతలు అడుగవచ్చును. చదువు రానివారు కూడ చేయదగిన మూడు పరీక్షలు చెప్పెదను. మొదటిది చింపుట. ఉత్త కాగితము ఇట్టే చినుగును, చినిగిన అంచున సన్నని నూగు కనబడును. చింపునపుడు పలుచని పొర సాగినను, ఒలిచినట్లు వేరైనను అందు ప్లాస్టిక్ ఉన్నదని తెలియవలెను. రెండవది నలుపుట. పిడికిట నలిపి వదలినపుడు ఉండగా నిలిచినది చాలవరకు కాగితము. తిరిగి విచ్చుకొనినది ప్లాస్టిక్ పొర. తళుకు కనబడినచో ఈ పరీక్ష కూడ అక్కరలేదు, ప్రక్కన పెట్టవలెను. మూడవది గోటితో గీయుట. నున్నని చీటీపై గోటితో గట్టిగా గీచినపుడు నల్లని గీత పడినచో అది రసాయనపు పూతగల చీటీ. ఈ మూడు పరీక్షలకు అరనిమిషము పట్టదు. అప్పటికిని అనుమానము తీరనిచో పొయ్యిలో వేయకుండుటయే ధర్మము.

మంచి పొయ్యి కూడ ముఖ్యమే. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమునకు అధిపతిగా నుండిన ఎస్. పి. రాజుగారు పొగగొట్టముగల మట్టిపొయ్యిని రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటిండ్లు కావలెనని 1953లో ఇంగ్లీషున ఒక చిన్న గ్రంథము ప్రకటించిరి. తెలుగునాట పుట్టిన ఆ ఆలోచన పిమ్మట దేశమునందలి పొగలేని పొయ్యిల ప్రయత్నములకు దారిచూపిన వాటిలో నొకటి. అయితే గొట్టము పొగను వంటింటి నుండి వెడలించును గాని విషమును హరింపదు. అది ప్రక్కింటి వాకిట దిగును. గొట్టములో పేరుకొనిన మసిని అప్పుడప్పుడు తీయవలెను. మసి నిండిన గొట్టములోనికి కాగితపు మంట ఎగసినచో ఆ మసియే అంటుకొనవచ్చును.

పొయ్యికి చెప్పినదే చలిమంటకును వర్తించును. నర్సీపట్నమునకు ఎగువన కొండపై నున్న లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో చలికాలమున చలి గట్టిగా నుండును. మంచు చూచుటకు వచ్చిన యాత్రికులు నెగడు చుట్టు కూర్చుండి తాము తిన్న విస్తళ్ళను, త్రాగిన కప్పులను అందులోనే వేసినచో, కొండగాలి కొరకు వచ్చి విషపు పొగ పీల్చినవారగుదురు. భోగినాడును అంతే. పిడకల దండలు, ఎండుకట్టెలు, విరిగిన చెక్కసామాను మంటకు తగును. టైరులు, ప్లాస్టిక్ కుర్చీలు, రంగు పూసిన చెక్కలు తగవు. ఆరుబయట చెత్తను కాల్చుటను జాతీయ హరిత న్యాయస్థానము 2016 డిసెంబరులో దేశమంతట నిషేధించి, జరిమానా కూడ విధించినది. చట్టము మాట అటుంచి, భోగిమంట దగ్గర మొదట చేతులు చాచి నిలుచువారు పిల్లలు అనునది గుర్తుంచుకొనిన చాలును.

మరి కాల్చరాని కాగితమును ఏమి చేయవలెను? మెరుగు పత్రికలు, అట్టపెట్టెలు, పాత పుస్తకములు పొడిగా నుంచి పాత కాగితములు కొనువానికి ఈయవచ్చును. అవి మరల గుజ్జై కొత్త కాగితమగును. కప్పులు, తళుకులు, చీటీలు పొడిచెత్తలో వేయవలెను. బ్యాంకు కాగితములు, గుర్తింపు పత్రముల నకళ్ళు ఇతరుల చేత పడరాదని కాల్చువారు కలరు. అవి ఉత్త కాగితములైనచో కొద్దికొద్దిగా కాల్చవచ్చును. లేదా ముక్కలుగా చింపి, ఒక రాత్రి నీటిలో నాననిచ్చి, పిసికి పారవేయవచ్చును. అక్షరము చెరగుటకు నిప్పే కావలెనని లేదు.

చివరగా ఒక మాట. పొయ్యికి హాని చేయకున్నను పొయ్యిలో వేయదగని కాగితము కూడ కలదు. తాతగారి చేతివ్రాత, భూమి దస్తావేజు, బడి ధ్రువపత్రము, అటక మీది తాళపత్రపు కట్ట, వీటికి పై పరీక్షలు పనికిరావు. పాత కట్టను నిప్పునకు ఇచ్చుటకు ముందు ఇంటిలో చదువ నేర్చినవారు ఒకసారి విప్పి చూడవలెను.

పొయ్యి కుప్పతొట్టి కాదు. దానిపై మన అన్నము ఉడుకును, మన బిడ్డలకు నీళ్ళు కాగును. ఉత్త కాగితము కొద్దిగా వేయుడు. మెరుగును, తళుకును, పొరను, పూతను దూరముగా ఉంచుడు. రేపు ఉదయము నిప్పు రాజవేయునపుడు చేతిలోని కాగితమును ఒకసారి చింపి చూచినచో ఈ ప్రసంగము ప్రయోజనము నెరవేరినట్లే.